తినడానికి వెళ్లి, లక్కడ్‌కోట్‌లో కబాబులు కాల్చిన రోజు

ఈ ప్రయాణానికి కారణం నా స్నేహితురాలు రేఖ. చంద్రపూర్‌లో మా గిన్నెల దుకాణం వెనక సందులోనే వాళ్లిల్లు. ఎవరి పుట్టినరోజు వచ్చినా మేడ మీద బొగ్గులు రాజేసి, చువ్వలకు మాంసం గుచ్చి కాల్చిపెట్టేది తనే. బామ్ని దగ్గర రోడ్డు పక్కన ఒక షెడ్డు అద్దెకు ఉందని తెలిసినప్పటి నుంచి తనకు నిద్ర లేదు. కబాబుల హోటల్ పెట్టాలని ఆశ, బయటివాళ్లకు ఏనాడూ వండలేదని భయం. షెడ్డు యజమాని సోమవారానికల్లా ఏ సంగతో చెప్పమన్నాడు. "ముందుగాల మన చుట్టుపక్కల కాల్చేటోళ్ల దగ్గర తిని చూద్దాం పద్మా. గప్పుడు నా చేయి ఎంతదో నాకే ఎరుకైతది," అంది రేఖ. ఆదివారం దుకాణం మా ఆయనకు అప్పగించి కారు బయటికి తీశాను. తెలంగాణ ఏర్పడిన కొత్త రోజులవి. సరిహద్దులో పెట్టిన కొత్త బోర్డులు కూడా చూసినట్టుంటుందని ఇద్దరికీ సరదా వేసింది.

పదకొండింటికి బయలుదేరి బల్లార్‌పూర్ రోడ్డు పట్టుకుంటే అరగంట దాటాక బామ్ని వచ్చింది. అక్కడ ఖీమాతో చేసిన సీక్ కబాబులు తిన్నాం. చువ్వ మీది నుంచి నేరుగా ప్లేట్లోకి జారాయి, నోట్లో పెట్టగానే కరిగిపోయాయి. రేఖ కళ్లు మూసుకుని నమిలి, "కొత్తిమీర దండిగ ఏసిండు," అంది. వార్ధా నది వంతెన దాటి రాజూరా చేరేసరికి మళ్లీ ఆకలి వేసింది. అక్కడ నాగపూర్ వైపు వాడే ఘాటైన సావజీ మసాలా పట్టించి కాల్చిన కోడి ముక్కలు తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, చెవులు వేడెక్కాయి. హోటలాయన మమ్మల్ని చూసి నవ్వుతూ "తాక్ ఘ్యా తాయీ," అని రెండు గ్లాసుల మజ్జిగ మా ముందు పెట్టాడు. రెండు చోట్లా కలిపి ఇద్దరికీ నాలుగు వందలు దాటలేదు.

రాజూరా నుంచి ఆసిఫాబాద్ వెళ్లే రోడ్డే సరిహద్దు పక్కనున్న లక్కడ్‌కోట్‌కు దారి. కాసేపు పత్తి చేలు, ఆ తర్వాత టేకు చెట్లు. రోడ్డు అక్కడక్కడా గతుకులుగా ఉండడం వల్ల గంట పట్టింది. ఊరి చివర మల్లన్న అనే ఆయన ధాబా ఉంది. రోడ్డు వైపుకే పెద్ద ఇటుకల భట్టీ, దాని మీద ఇనుప జాలి. మేం వెళ్లేసరికి ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. కాల్చే మనిషి చేయి పొద్దున్నే నిప్పుల మీద పడి బొబ్బలెక్కిందట, ఆస్పత్రికి పంపించాడట. "మాంసం నానబెట్టి ఉన్నది గని కాల్చేటోడు లేడమ్మా. నాకు కూర తప్ప ఇంకోటి రాదు. అన్నం, కూర పెడ్త, తినిపోండ్రి," అన్నాడు.

సరేనని కూర్చున్నామో లేదో, ఒక బస్సు వచ్చి ఆగింది. కోర్పనాలో పెళ్లికూతురింట్లో వరపూజ చేసుకుని ఆసిఫాబాద్ తిరిగి వెళ్తున్న పెళ్లికొడుకు వాళ్లు, ముప్పై మందికి పైనే ఉంటారు. అందరికంటే ముందు దిగిన ముసలావిడ, "పప్పుచారుతోని పంపిండ్రు మా వియ్యంకులు! కాల్చిన కోడి ఉన్నదా మల్లన్నా?" అని అడిగింది. మల్లన్న చేతులెత్తేశాడు. నేను రేఖ వైపు చూశాను. రేఖ భట్టీ వైపు చూస్తోంది. చీర చెంగు బొడ్లో దోపుకుని లేచింది. "అన్నా, నువ్వు సరేనంటే నేను కాలుస్త," అంది. మల్లన్న వెంటనే పట్టకారు తన చేతిలో పెట్టాడు.

మొదటి వాయి పాడైంది. రేఖ మేడ మీది కుంపటి ఎక్కడ, ఈ భట్టీ ఎక్కడ! ముసలావిడ ఒక ముక్క కొరికి పక్కన పెట్టేసింది. "పైన మాడింది, లోపల పచ్చిగున్నది బిడ్డా," అంది. ఆ మాటలో కోపం లేదు, ఉన్నదే చెప్పింది. కానీ రేఖ మొహం పాలిపోయింది. పట్టకారు కింద పెట్టేసింది. "నాతోని కాదు పద్మా, పోదాం పా," అంది మెల్లగా. నాకు కాల్చడం రాదు, కానీ రేఖ సంగతి తెలుసు. "పోతే పోదాం గని, ఇంకో వాయి దింపినంక పోదాం. బొగ్గులు జాస్తి ఉన్నయి, పక్కకు జరుపు," అన్నాను. రేఖ మళ్లీ పట్టకారు అందుకుంది. తర్వాత సగం బొగ్గులు ఒక మూలకు లాగి, జాలి కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచింది. "మల్లన్నా, నూనె తే! పద్మా, నువ్వు ఇసురు! గట్ల గాదే, జర నిదానంగ!" ఇరవై ఏళ్ల స్నేహంలో రేఖ గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. విసనకర్రతో విసిరి విసిరి నా భుజాలు పడిపోయాయి.

రెండో వాయి మొదటి ముక్క ముసలావిడకే ఇచ్చింది. ఆవిడ నమిలింది, ఇంకో ముక్క తీసుకుని పెళ్లికొడుకు నోట్లో పెట్టింది. "గిప్పుడు కుదిరింది. ఇంకో ప్లేటు తే బిడ్డా!" ఇక ఆగలేదు. పెద్ద గిన్నెల్లోని మాంసమంతా అయిపోయింది. బస్సు వెళ్లిపోయాక మల్లన్న, "ఆదివారం ఆదివారం రారాదమ్మా, ఏమిమ్మంటే గదే ఇస్త," అన్నాడు. మసి పట్టిన చేత్తో చెమట తుడుచుకుంటూ రేఖ, "లేదన్నా. బామ్నిల నా సొంత భట్టీ పెట్టుకుంటున్న," అంది. నేను విసనకర్ర అక్కడే పడేసి తనను కావలించుకున్నాను.

చీకటి పడిపోవడంతో సరిహద్దు బోర్డు చూడడం చివరికి కుదరనే లేదు. ఆసిఫాబాద్ చుట్టాల ఇళ్లకు ఎన్నోసార్లు ఈ దారిన బస్సులో నిద్రపోతూ వెళ్లాను. ఈసారి దిగి, పొగలో నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్లు ప్లేట్లు చాపుతుంటే చూశాను. ఇంత ఆనందం ఈ రోడ్డు మీదే ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క మాట: ఒక్కో చోట ఇద్దరికీ కలిపి ఒక్క ప్లేటే చెప్పండి. మూడో చోటికి చేరేసరికి కడుపులో జాగా ఉండాలి కదా!