మూడు షిఫ్టుల తోట

కరోనా ఆంక్షలు తీసేసిన ఏడాది, తమిళుల ఆడి నెలలో, చెన్నైలోని ఒక ఆన్‌లైన్ ఆటల కంపెనీలో అప్పీళ్ళ పరిశీలకుడిగా చేరాను. కూర్చునేది మాత్రం రాజపాళయంలో, మా మిద్దె మీది గదిలోనే. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు స్పిన్నింగ్ మిల్లు క్వాలిటీ ల్యాబులో నూలు పరీక్షించినవాణ్ణి. తెలుగూ తమిళమూ చదవగలనని తీసుకున్నారు. నా పైఅధికారిణి, అంటే టీం లీడర్, మా అమ్మాయికన్నా చిన్నది. నన్ను అంకుల్ సార్ అనేది.

మాది తోట పెంచే ఆట. విత్తు వేసి, తెర మీది నీళ్ళకుండను వేలితో తడుతూ ఉండాలి. ఆ తట్టడం మిషనుకు అప్పగిస్తే ఖాతా శాశ్వతంగా మూసేస్తాం. ఎందుకంత కఠినం అని ఇప్పటికీ అడుగుతారు. నిద్రపోని మిషను ఆటలోని సంతకు రేయింబవళ్ళు టమాటాలు తెచ్చి పోస్తుంటే, వేలు నొప్పెట్టేలా పండించిన మనిషి సరుకును చూసే నాథుడుండడు. మనుషులు విసిగి మానేస్తారు. ఇక మిషన్లూ మిషన్లూ ఆడుకోవాలి.

నేను చేరిన కొన్నాళ్ళకే కృష్ణమ్మాళ్ అనే ఆమె అప్పీలు వచ్చింది. మా ఊరే, ఒక మిల్లులో వైండింగు, అంటే కండెలకు నూలు చుట్టే పని. నాలుగేళ్ళ తోట, మిషను ఆడిందని మూసేశారు. మూసిన ఖాతా పక్కన "మోసపు ఆట" అని ఎర్ర గుర్తు పడుతుంది. ఆమెతో ఆడే మిల్లు ఆడవాళ్ళందరూ దాన్ని చూశారు. ఆమె ఫోన్లో అడిగింది.

"తోట పోతే పోనీ సార్. నన్ను దొంగ అన్నారే, అది ఎట్ల తీసేది?"

వేలు ఎప్పుడు, ఎక్కడ తగిలిందో రాసే చిట్టాను లాగ్ అంటాం. ఆమె లాగ్‌లో ఇరవై నాలుగు గంటలూ ఆటే. చెన్నైవాళ్ళు మిషను అనుకోవడంలో వింత లేదు. నాకు మాత్రం ఆరింటికి, రెండింటికి, పదింటికి చిన్న ఖాళీలు కనిపించాయి. మిల్లువాడికి ఆ వేళలు వేరే చెప్పాలా! షిఫ్టు మార్పు. అడిగితే చెప్పింది. పొద్దున ఆమె, రెండింటికి ఆమె మిల్లుకు పోయాక రిటైరైన ఫిట్టరు మామ, రాత్రి జిన్నింగు మిల్లు వాచ్‌మన్ అయిన భర్త, ఎవరి ఫోన్లో వాళ్ళు. ఒకే ఇంటివాళ్ళు ఒక ఖాతా వాడుకోవడం మా నిబంధనల్లో తప్పు కాదు. మీసం మెలేసి, నిషేధం ఎత్తేయవచ్చని రాసేశాను.

టీం లీడర్ తిప్పి పంపింది. షిఫ్టులు విడివిడిగా చూశారా అంకుల్ సార్ అని అడిగింది. చూడలేదు. రోజు మొత్తం సగటు చూశాను. సగటు బాగుందని సరుకు పంపితే అందులోని ఒక్క చెడ్డ నూలు కండె గుడ్డంతా పాడుచేస్తుందని మిల్లులో కొత్తవాళ్ళకు పాఠం చెప్పిన పెద్దమనిషిని నేనే! సిగ్గుతో చచ్చిపోయాను. విడదీస్తే, మామ షిఫ్టులో ప్రతి ఏడు సెకన్లకూ ఒక దెబ్బ, అదే చోట, వెంట్రుకవాసి తేడా లేదు. మనిషన్నవాడు తుమ్ముతాడు, కాఫీకి లేస్తాడు. మిగతా రెండు షిఫ్టుల్లో అలాంటి ఖాళీలున్నాయి.

నిబంధన ప్రకారం, ఒక పరీక్ష తోట తెరిచి, మామను వీడియోలో మా ఎదుట ఆడి చూపించమన్నాం. కృష్ణమ్మాళ్‌కు సెలవైన రోజు పెట్టాం. వీడియో ఫోను ఆమే పట్టుకుంది. మామ ఏ దాపరికమూ లేకుండా మంచం కింద నుంచి పాత టేబుల్ ఫ్యాను గేరు పెట్టె లాగారు. దానికొక పుల్ల, పుల్ల కొసన, తెర వేలనుకునేలా, రాగి తీగతో కట్టిన తడి బ్యాండేజి గుడ్డ. స్విచ్చి వేసి, గుడ్డ తెరను తట్టడం మొదలుపెట్టగానే హాయిగా కాళ్ళు చాపుకున్నారు. నవ్వు ఆగక నేను మైకు కట్టేశాను.

"నా చేత్తో చేసిన మిషను సార్ ఇది. అది ఆడితే నేను ఆడినట్లే కదా?" అన్నారు.

ఫోను వెనక నుంచి కోడలి గొంతు వినిపించింది.

"మీరు నిద్రపోయినారు, నేను దొంగనైనాను మామా."

పెద్దాయన లేచి స్విచ్చి ఆపేశారు.

ఏ పంట ఎవరిదో విడదీసే దారి లేదు కాబట్టి ఖాతా మూసే ఉంచాను. ఉత్తర్వులో మాత్రం టీం లీడర్ అనుమతి తీసుకుని ఒక వాక్యం చేర్చాను: మొదటి, మూడో షిఫ్టులు మనుషుల చేతులు ఆడినవి, రెండోది మిషను ఆడినది. కృష్ణమ్మాళ్ దాన్ని మిల్లు ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది. వాళ్ళు ఆమెను తిరిగి తమ ఆటలో చేర్చుకున్నారు, కొత్త ఖాతాతో, మొదటి విత్తు నుంచి.

నిరుడు ఉద్యోగం మానేదాకా ఏ ఖాతానూ షిఫ్టులుగా చీల్చకుండా తీర్పు రాయలేదు. మిషనును పట్టుకోవడం ఆ పనిలో సగమే. దాని పక్కన పనిచేసిన మనిషి చేతిని గుర్తించి, రాసి ఇవ్వడం మిగతా సగం.