చెల్లెలి పేరు మీద పన్నెండు నిమిషాలు

రైల్వేలో పట్టాలు మావి, వాటి మీద నడిచే రైళ్లు మాత్రం వాళ్లవి. మేమంటే పట్టాలు బాగుచేసే ఇంజనీరింగ్ వాళ్లం, వాళ్లంటే స్టేషన్లో కూర్చుని రైళ్లు నడిపే ఆపరేటింగ్ వాళ్లు. మా పట్టాను మేం ముట్టుకోవాలన్నా వాళ్లనే అడగాలి. వాళ్లు రైళ్లు ఆపి, ఇంతసేపు అని లెక్కగట్టి లైను మా చేతికిస్తారు. దాన్ని బ్లాక్ అంటాం. ఇంకెవరినైనా అడగమంటే ఓర్చుకునేదాన్నేమో. ఆదిలాబాద్ లైన్లో నేను అడగాల్సిన స్టేషన్ మాస్టర్ నా సొంత చెల్లెలు.

ఇద్దరం ఒకే ఏడు ఉద్యోగాల్లో చేరాం. దానికి ఫ్యాను కింద కుర్చీ దొరికింది, నాకు కంకర మీద ఎండ దొరికింది. హుజూరాబాద్‌లో మా అవ్వ, అంటే మా అమ్మ, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది: "చిన్నది రైళ్లు నడిపిస్తది. పెద్దది గూడ రైల్వేలనే ఉన్నది." ఆ 'గూడ' నాకు ఎన్నేళ్లయినా అరగలేదు. కుళ్లంటే కుళ్లే, దాచుకోవడమెందుకు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, స్టేషన్ పక్కనే పగులు పట్టిన పట్టా ముక్క మార్చడానికి రెండు గంటల బ్లాక్ తీసుకున్నాను. మూడింటికల్లా లైను అప్పగించాలి. "మేడమ్, మూడు దాటనియ్యకుండ్రి," అన్నది చెల్లెలు ఫోన్లో. డ్యూటీలో అలాగే అనాలని నాకూ తెలుసు. అయినా ఆ 'మేడమ్'కి ఒళ్లు మండింది.

చివరి బోల్టు మొరాయించింది. పని ముగిసేసరికి మూడు దాటి పన్నెండు నిమిషాలైంది. పాసింజరు అవతలి స్టేషన్లో నిలబడే ఉంది. ఆ నెలలో అప్పటికే ఒకసారి నా బ్లాక్ ఆలస్యమైంది. ఇంకొకటైతే సంజాయిషీ రాసివ్వాల్సి ఉంటుందని పైవాళ్లు ముందే చెప్పారు. లైను సిద్ధమని మేం రాసిచ్చే కాగితం స్టేషన్‌కి చేరితే తప్ప రైలు కదలదు. ఆ కాగితం మీద మూడు గంటలని రాశాను. అంటే కాగితం ప్రకారం నా పని వేళకే అయింది, రైలు నిలబడింది స్టేషన్ వాళ్ల వల్ల. భయంతో రాశానని చెప్పుకోవచ్చు. కానీ రాస్తున్నప్పుడు నాకు సంతోషం కూడా కలిగింది. ఒక్కసారైనా చెల్లెల్ని ఎవరో ఒకరు నిలదీయాలనుకున్నాను.

కాగితం నేనే పట్టుకుపోయాను. అందుకున్నవాళ్లు అందిన టైము రాసి సంతకం పెట్టాలి. చెల్లెలు అసలు టైము రాస్తే నా అబద్ధం బయటపడినట్టే. చెల్లెలు కాగితం చూసింది, గోడ మీది గడియారం చూసింది. మూడు గంటలని రాసి సంతకం పెట్టింది. రైలు వెళ్లాక, రైళ్ల రాకపోకలు కనిపెట్టే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఆ పన్నెండు నిమిషాలు ఎవరి మీద రాయాలని.

"నా మీదనే రాయుండ్రి సార్. పేపర్ టైముకే వచ్చింది. నేనే జర లేట్ జేసిన," అన్నది.

"అట్లెందుకు జెప్పినవే?" అన్నాను ఫోన్ పెట్టేశాక.

"నీకు గీ నెల ఒకటి అయింది గదక్కా. నాకు గిదే మొదటిది." మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది. "మొఖం జూడు, ఎట్ల కందిందో. తాగు."

నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. కుర్చీ దానిదే, ఫ్యాను దానిదే, ఇప్పుడు మంచితనం కూడా దానిదే అయిపోయింది.

మొదటిదే అయినా, వారం తిరక్కుండానే దానికి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. అసలు సంగతి మింగేసి, తనే పొరపాటు చేశానని అవ్వకు చెప్పుకుంది. ఆ సాయంత్రమే అవ్వ నాకు ఫోన్ చేసింది.

"చిన్నదానికి జర బుద్ధి జెప్పు బిడ్డా. పనిల గింత సోయి లేకుంటె ఎట్ల? అక్కను జూసి నేర్సుకొమ్మన్న. నువ్వెన్నడు మాట పడలే."

అవ్వ నోట ఆ మాట వినాలని ఇన్నేళ్లూ కాచుకుని ఉన్నాను. నిజం చెప్పడానికే నోరు తెరిచాను.

"సరే అవ్వా, చెప్త," అన్నాను.