అద్దంలో కదిలిన నవ్వు

నిన్న చార్మినార్ దగ్గర గాజులు బేరమాడుతుంటే, పక్కన ఎవరో అమ్మాయి పాత రీలు కెమెరా కంటికి ఆనించి 'టక్'మనిపించింది. ఆ చప్పుడు చెవిన పడగానే, మీరు నవ్వినా సరే, ఈ వయసులో నా గుండె ఎగిరి గంతేసింది.

మా మేనమామకు కిషన్‌బాగ్‌లో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పాతబస్తీ ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు మగ ఫోటోగ్రాఫర్‌ను రానివ్వరు గనుక, డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు పని నేర్పి ఒక పెళ్లికి పంపాడు. ఫోటో అంటే ఆయన దృష్టిలో స్టాండు, ఫ్లాష్, పెళ్లికూతురి హారంలో ముత్యాలు విడివిడిగా కనిపించేంత స్పష్టత, అంతే. బాగా తీస్తే ఇకమీదట ఆడవాళ్ల వైపు పనంతా నాదేనని, పాడు చేస్తే కెమెరా మళ్లీ ముట్టనివ్వనని ముందే చెప్పాడు, నాకేమో అప్పటికే ఆ పని పిచ్చి పట్టేసింది.

ఆర్సీ ముసాఫ్ వేళయింది. వధూవరుల తలల మీద ఒకే ఎర్ర దుపట్టా కప్పి, ముందు పెట్టిన అద్దంలో ఒకరి ముఖం ఒకరికి చూపించే ముచ్చట అది. అక్కలూ వదినలూ ఒకరి మీద ఒకరు పడి తొంగిచూస్తుంటే స్టాండుకు చోటెక్కడిది, అద్దం మీద ఫ్లాష్ కొడితే తెల్లటి వెలుగు తప్ప ముఖం రాదాయె! ఏమైతే అదయిందని ఫ్లాష్ తీసేసి, ఉన్న వెలుతురు చాలేలా షట్టరు వేగం తగ్గించి, ఊపిరి బిగబట్టి దుపట్టా అంచు కింద తల దూర్చాను. అద్దంలో వరుణ్ణి చూసి పెళ్లికూతురు ఆపుకోలేక ఫక్కున నవ్వింది, ఎవరి మోచెయ్యో నాకు తగిలింది, అదే క్షణంలో మీట నొక్కేశాను. ఆ సంతోషం ఎలా చెప్పను!

ప్రింటు వేసి చూస్తే ముత్యాలన్నీ ముద్దయిపోయాయి, ముఖం అంచులు చెదిరిపోయాయి, నవ్వు మాత్రం కాగితం మీద ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఏందే పిల్లా గిది, ముత్యాలు ఏడున్నయ్? గిది ఇస్తే మన ఇజ్జత్ పోతది," అని మామ దాన్ని బల్ల మీద ఓ మూలకు విసిరేశాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆల్బమ్ కోసం వచ్చిన పెళ్లికూతురి తల్లి కంట అదే పడింది. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి కళ్లు ఒత్తుకుంది. "ముత్యాలు దుకాన్ల గూడ కనిపిస్తయ్ భాయ్, నా బిడ్డ నవ్వు యాడ కనిపిస్తది? మొదటి పేజీల గిదే పెట్టుండ్రి," అంది. మామ ఆల్బమ్ మొదటి పేజీలో దాన్నే అంటించాడు. తర్వాతి పెళ్లికి కెమెరాలో రీలు ఎక్కించి తానే నా చేతికిచ్చాడు, స్టాండు మర్చిపోవద్దని సణుగుతూనే.

మొన్న మా ఇంట్లో పెళ్లికి నేనూ ఫోన్‌తో తీశాను. చేతులు వణుకుతున్నా ఫోటోలు చక్కగా వచ్చాయి. ఒక్కటి మాత్రం, పెళ్లికూతురు ఫక్కున నవ్వినప్పటిది, కదిలింది. ఆ పిల్ల ఫోన్ లాక్కుని, బాగా రాలేదంటూ అప్పుడే చెరిపేసింది. వాళ్లమ్మ దాన్ని చూడనే లేదు.