తాతయ్య వెనక్కి పంపిన దురాయి

నా చిన్నతనంలో ఒక బుధవారం, సాయంత్రం నాలుగు గంటలకు మా పాలెం బడిలో గంట కొట్టారు. రాష్ట్రపతి పాఠం అప్పటికి సగమే అయింది. అయ్యవారు పుస్తకం మూసి, మిగిలిన సగం నిలబడే చెప్పేశారు. ఒక బిల్లును సభలు రెండూ ఒప్పుకున్నా రాష్ట్రపతి సరే అంటేనే అది చట్టమవుతుంది. నచ్చకపోతే మళ్ళీ ఆలోచించమని ఆయన ఒకసారి వెనక్కి పంపవచ్చు. సభలు తిరిగి అదే పంపితే ఇక కాదనడానికి లేదు. ఆ తరువాత దేశంలో దాన్ని అమలు చేసేదీ ఆయన పేరు మీదే. పిల్లలం అంతవరకు విని ఇళ్ళకు పరుగెత్తాం.

మాది కోట అనే ఊరికి తూర్పున సముద్రపు ఒడ్డునున్న చేపలవాళ్ళ పాలెం. మా తాతయ్య దానికి పెద్దకాపు. మాలో వీధికొక పెద్దమనిషి ఉండేవాడు, అతన్ని కాపు అనేవారు. కాపులందరూ కూర్చుని చేసిన కట్టుబాటును దురాయి అనేవారు. అయితే పెద్దకాపు రేవులో నిలబడి తన నోటితో చెప్పేదాకా దానికి బలం లేదు. చెప్పాక దాన్ని నడిపించే భారం కూడా ఆయనదే.

ఆ సాయంత్రం వల బాగుచేసుకుంటున్న తాతయ్యకు నేను పాఠం అప్పజెప్పాను. ఆయన పని ఆపి విన్నాడు.

"రెండోసారి కూడా అదే పంపిస్తే?"

"ఒప్పుకోవాల్సిందే తాతా."

"ఆయనకు ఇష్టం లేకున్నా?"

"లేకున్నా."

"పాపం, అంత పెద్ద ఇంట్లో ఉండి ఆయన కూడా నా మాదిరి ముసలోడే" అని నవ్వాడు.

మరునాడు ఒక తెప్ప తిరిగి రాలేదు. దాని మీద పోయిన ఇద్దరిలో ఒకడు ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. రెండోవాడు పెళ్ళయి ఏడాది కాని కుర్రవాడు. సముద్రంలో మనిషి పోతే శవం దొరికేదాకా మా పాలెంలో ఎవరూ వల వేయరు. తెప్పలన్నీ వెతకడానికే పోతాయి, వలలు ఇళ్ళలో వదిలి పోతాయి. మా మేనత్త భర్త, అంటే తాతయ్య అల్లుడు, అందరితోపాటు వెతకడానికి వెళ్ళాడు. పొద్దు వాలేసరికి అందరి తెప్పలూ ఖాళీగా వచ్చాయి. మా మామయ్య తెప్ప మీద చేపలున్నాయి. వలను ఇంట్లో వదిలి రావడం మరిచిపోయాననీ, కవళ్ళ చేపల గుంపు తెప్ప చుట్టూ తిరుగుతుంటే తోడు వచ్చినవాడు వద్దన్నా చేతులు ఆగలేదనీ ఆయన తల వంచుకుని చెప్పాడు. పోయినవాడి తల్లి ఆ గంప దగ్గరకు వచ్చి చూసింది.

"నా బిడ్డను ఎతకమంటే కూరకు తెచ్చుకున్నావా నాయనా?" అంది.

ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని ఇంటికి తీసుకుపోయారు.

శవం మరునాడు దక్షిణాన ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని సాగనంపి వచ్చి కాపులు కూర్చున్నారు. వచ్చే ఏడు గంగమ్మ కొలుపు దాకా మామయ్య తెప్ప ఎవరూ ఎక్కకూడదు, ఆయన చేప ఎవరూ కొనకూడదు, ఆ ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు అని తేల్చారు. ఒంటిమనిషి తెప్పను అలలు దాటించలేడు. అంటే మా అత్త పిల్లలకు కూడు లేనట్టే.

తాతయ్య ఆ దురాయి చెప్పలేదు. "కోపంలో కూర్చున్నారు. ఆ తల్లి ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉండాది. రేపు పొద్దున మళ్ళీ కూర్చోండి" అన్నాడు.

"అల్లుడు కాకుంటే ఈ పొద్దే చెప్పుందువు పెద్దకాపా" అన్నాడు ఒక కాపు.

ఆ కాపు అన్నది నిజమా కాదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకిప్పటికీ తెలియదు.

పొద్దున వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ఒక్క మాట కూడా మార్చలేదు. తాతయ్య కండువా భుజాన వేసుకుని రేవుకు బయలుదేరుతుంటే నేను ఆయన చెయ్యి పట్టుకుని చెప్పొద్దన్నాను. "రెండోసారి వచ్చిందే పాపా" అని మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. ఆయన చెప్తుంటే మా అత్త చంకలో పిల్లవాడితో నిలబడి వింది.

"నీ నోటితోనే చెప్పినావే నాయనా!"

"ఇంకొకరి నోటితో అయితే ఇంతకంటే ఎక్కువ చెప్తారమ్మా."

తన బిడ్డతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఆ ఉదయమే అత్త పెద్దకూతురు బిందెతో చెలమ దగ్గరకు వచ్చింది. ఇసుకలో తవ్వుకున్న ఆ గుంట ఒక్కటే మా పాలేనికి మంచినీళ్ళు. పోయినవాడి బంధువు ఒకామె ఆ బిందెను కాలితో పక్కకు తోసింది. మిగతా ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. తాతయ్య కర్ర పట్టుకుని వచ్చాడు.

"నేను చెప్పింది ఏంది? తెప్ప, చేప, మాట. నీళ్ళని చెప్పినానా?"

"ఎలేసినోళ్ళకు నీళ్ళేంది మామా?" అంది ఆమె.

"చెప్పనిది చేస్తే నువ్వు కూడా దురాయి తప్పినట్టే. జరుగు."

వాళ్ళు జరిగారు. పిల్ల నీళ్ళు తోడుకునేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. బిందె నెత్తిన పెట్టుకుని అది "తాతా" అని పిలిచింది. ఆయన సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. మాట్లాడకూడదన్నది ఆయన చెప్పిన దురాయిలోనే ఉంది కదా. ఆ తరువాత రోజూ నీళ్ళవేళకు ఆయన అక్కడ నిలబడేవాడు. ఆ పిల్ల మళ్ళీ పిలవలేదు.

కొలుపు రాకముందే అత్తవాళ్ళు సూళ్లూరుపేట వైపు సరస్సులో పడవ పని దొరికిందని వెళ్ళిపోయారు. కొలుపు అయిన మరునాడు తాతయ్య రేవులో నిలబడి దురాయి ఎత్తేశాడు. రమ్మని మనిషిని పంపాడు. ఆ మనిషి ఒక్కడే తిరిగి వచ్చాడు. "నీళ్ళకు కాపలా కాసినాడు. బిడ్డ పిలిస్తే పలకలేదు. ఆ మాట చెప్పు" అందట అత్త. తాతయ్య విని, వల ముందేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు ముడి వేయలేదు. కొన్నేళ్ళకు ఆయన పోయినప్పుడు అత్త వచ్చింది. తల దగ్గర కూర్చుని ఏడ్చింది. పలకడానికి ఆయన లేడు.

తరువాత నేను చదువుకున్నాను. చట్టం చేసేవాళ్ళ గురించీ నడిపేవాళ్ళ గురించీ అయ్యవారు చెప్పినదానికన్నా వివరంగా పుస్తకాల్లో చదివాను. కట్టుబాటును నిలబెట్టేవాడు దాని అంచు దాటబోయేవాళ్ళనూ ఆపాలన్నది మాత్రం ఆ చెలమ దగ్గరే నాకు తెలిసింది. అలా ఆపినవాడికి కూడా తన ఇంట్లో క్షమ దొరకకపోవచ్చునని తెలిసిందీ అక్కడే. రాష్ట్రపతి ఫలానా బిల్లుకు ఆమోదం తెలిపారని పేపర్లో చూసినప్పుడల్లా, ఒకసారైనా మళ్ళీ ఆలోచించమన్నారా అని వెతుక్కుంటాను.

మా పాలెంలో ఇప్పటికీ కాపులున్నారు, దురాయిలూ పెడతారు. తాతయ్యలా ఒక రాత్రి గడవనిచ్చి మళ్ళీ కూర్చోమనేవాళ్ళు మాత్రం లేరు.