ఆ సినిమాలో నడిచింది మా అత్తమ్మ

“హీరోయిన్ పోయిందంట” అని ఎదురు ఖోలీలో ఉండే పెద్దమ్మ నల్లా దగ్గర అన్నది. ఆమె భర్త ఆసుపత్రిలో వాచ్‌మన్. రాత్రి డ్యూటీ దిగి వస్తూ ఆ కబురు తెచ్చాడు. నీళ్ళ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళలో ఇద్దరు ముందు నవ్వారు. తర్వాత నన్ను చూసి నోళ్ళు మూసుకున్నారు. నా బిందె అప్పటికి సగమే నిండింది. నిండేదాకా నిలబడ్డాను. వంతు వదిలితే మళ్ళీ మరునాడు పొద్దున్నే నీళ్ళు.

పోయింది మా అత్తమ్మ. నలభై నిండాయో లేదో. బొంబాయి కామాఠిపురలో మా చాలీలో గదిగదికీ నాలుగేళ్ళుగా ఆమె పేరు అదే. ఆ పేరు ఎలా వచ్చిందో గల్లీలో పిల్లలు కూడా కథలాగా చెప్పుకుంటారు. వాళ్ళు చెప్పేదాంట్లో ఆమె నడుము తప్ప ఇంకేమీ ఉండదు. నేను ఐదో తరగతి దాకా చదివాను. నలుగురిలో నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను.

ఆమె పాలమూరు జిల్లా నుంచి చిన్నతనంలోనే బొంబాయి వచ్చి బిల్డింగు కూలీ చేసింది. మా ఆయన పుట్టేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. మా మామ పరంజ మీద నుంచి పడి చనిపోయాడు. మరుసటి నెల ఆమె అదే బిల్డింగుకు పనికి వెళ్ళింది. కొడుకును మాత్రం ఇటుక ముట్టనివ్వలేదు. నాగ్‌పాడాలో మోటార్లు బాగుచేసే వర్క్‌షాపులో పని నేర్పించింది.

నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు బస్సు చూస్తే భయం, మనుషులను చూస్తే ఇంకా భయం. “మాట్లాడవేందే పిల్లా? నీ నోరు ఎవరి కోసం దాసిపెట్టినవ్?” అని గదిమేది. ఆమెకు హిందీ సగమే వచ్చు, మరాఠీ పావు వచ్చు. ఆ ముప్పావుతోనే వార్డు ఆఫీసులో బాబులను కూడా లొంగదీసేది. నెత్తిన బరువుంటే చెయ్యి ఎత్తి పట్టుకోవడం ఆమె ఎరగదు. నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ, దారిలో ఎవరితోనో పోట్లాడుకుంటూ మూడంతస్తులు ఎక్కేది. చుక్క నీరు తొణికేది కాదు. మెట్టు ఎక్కే ముందు కుడి అరికాలును ఎడమ పిక్కకు ఒకసారి రుద్దుకునేది. పరంజ పలక మీద కాలు జారకుండా తడి తుడుచుకునే అలవాటు అది. ఇంట్లో కూడా పోలేదు.

ఒకసారి కూలీలు నిలబడే నాకాకు సినిమా వాళ్ళు వచ్చారు. ఆ సాయంత్రం అత్తమ్మ స్టవ్వు ముందు కూర్చుని, నవ్వు ఆపుకుంటూ నాకు చెప్పింది.

“ఆడోళ్ళందరినీ వరసగ నిలబెట్టిండ్రు. మొకాలు జూస్తరేమో అనుకున్న. ఒకడొచ్చి ‘సబ్ ఘూమ్ జావ్’ అన్నడు. అందరం అటు మర్రి నిలవడ్డం. గోడ జూసుకుంట నిలవడ్డమే! ఎనకకెల్లి జూసి నన్ను తీసుకుండ్రు.”

ఎదురు ఖోలీ పెద్దమ్మ కూడా ఆ వరసలో ఉంది. ఆమెను వద్దన్నారట. “ఇది చౌడా ఉంది” అన్నారట, మరీ వెడల్పని. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

హీరోయిన్‌ది పెద్దింటి పిల్ల వేషం. ఇంజనీరును ప్రేమించి, అతని కోసం కూలిపిల్లగా మారుతుంది. గమేలా తట్ట నిండా సిమెంటు మాలు నెత్తిన పెట్టుకుని పరంజ ఎక్కాలి. ఆమె ఎక్కలేదు. కాబట్టి ముఖం ఆమెది, వీపు మా అత్తమ్మది.

“ఆ పిల్ల తెల్లగ, పాలలెక్కుంటది. కూలిదంటే నల్లగుండాలె గదా, ఆమెకు నలుపు పూసిండ్రు. నన్ను జూసి గింత నలుపైతే కలవదని నాకు తెలుపు పూసిండ్రు. ఇద్దరం నడిమిట్ల ఏడనో కలిసినం” అని పగలబడి నవ్వింది.

నడుము ఊపుతూ నడవమన్నారట. అత్తమ్మ ఆ సినిమా మనిషికి పాఠం చెప్పి వచ్చింది. “బరువు నెత్తినున్నోళ్ళ నడుము ఊగది బిడ్డా. ఊగితే మెడ ఇరుగుతది.” వాళ్ళు గమేలా ఖాళీ చేసి, పైన మాలు కనబడేట్టు గుడ్డ పరిచి, దాని మీద కొంచెం సిమెంటు పూసి ఇచ్చారట. ఇక ఊగవచ్చు కదా అన్నారట. తర్వాత వాన సీను అని పైపుతో నీళ్ళు కొట్టారట. రోజంతా తడిసింది. రాత్రికి జ్వరం.

“మీ ఆయనకు జెప్పకు” అన్నది. “సినిమా వచ్చినంక అందరం పోదాం. వాడే జూసి, అగో మా అమ్మ అనాలె. అరికాలు రుద్దుకున్న, తెల్సా? వద్దన్నా రుద్దుకున్న. వాడు గుర్తుపట్టాలెనని.”

ఇంకొక సంగతి చెప్పాలి. కామాఠిపుర అని అడ్రసు చెబితే వర్క్‌షాపులో మా ఆయన తోటివాళ్ళు కన్ను కొట్టేవారు. సినిమాలో మా పేట వచ్చిందంటే ఒక ఎర్రబల్బు, గుమ్మంలో పౌడరు రాసుకున్న ఆడమనిషి, అంతే. అలాంటి ఇళ్ళు పక్క గల్లీల్లో ఉన్నాయి. లేవని నేను అనను. ఆ ఆడవాళ్ళు కూడా నీళ్ళకు వరసలో నిలబడతారు, వాళ్ళ పిల్లలకు కూడా గవదబిళ్ళలు వస్తాయి. అది తెర మీద నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన మాత్రం ఛాతీ విరుచుకుని, “మా అమ్మ బిల్డింగులు కట్టింది, సమ్‌ఝా క్యా?” అనేవాడు. అతనికి ఉన్న గౌరవం మొత్తం ఆ ఒక్క మాట.

సినిమా వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఫోరస్ రోడ్ దాటి వెళ్ళాం. చాలీ వాళ్ళం రెండు వరసలు నిండాం. మా ఆయన ముందు వరసలో వర్క్‌షాపు స్నేహితులతో కూర్చున్నాడు. వెనక నేను, నా పక్కన అత్తమ్మ. ఆ పక్కన ఎదురు ఖోలీ పెద్దమ్మ. అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. పాట మొదలు కాగానే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. “ఇగొస్త సూడు.”

వచ్చింది. కానీ మనిషి రాలేదు, నడుము వచ్చింది. తెర నిండా తడిసిన చీర, దాని కింద ఊగే నడుము. తల లేదు. గమేలా లేదు. కెమెరా ఎక్కడో నేల మీద నుంచి పైకి చూస్తున్నది. హీరో కింద నిలబడి పెదవి కొరుక్కుని ఈల వేశాడు. హాలంతా ఈలలు. మా ముందు వరసలో మా ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, అందరికంటే పొడుగ్గా వేశాడు.

నా మణికట్టు మీద చెయ్యి వదులైపోయింది.

అప్పుడు తెర మీద ఆ ఆడమనిషి పలక దగ్గర ఆగి, కుడి అరికాలును ఎడమ పిక్కకు రుద్దుకుంది. మా ఆయన మళ్ళీ ఈల వేశాడు.

“ఓరి సచ్చినోడా, గది మీ అమ్మరా!” అని పెద్దమ్మ అరిచింది. ముందు వరసలో కొందరికి తెలుగు రాదు కదా, వాళ్ళ కోసం మరాఠీలో కూడా చెప్పింది. “అరే, తుఝీ ఆయీ ఆహే తీ!”

రెండు వరసలూ నవ్వాయి. మా ఆయన వెనక్కి తిరిగాడు. మొదట తల్లిని చూడలేదు, నన్ను చూశాడు. నాకు ముందే తెలుసని నా ముఖం చెప్పేసింది. లేచి వెళ్ళిపోయాడు. అత్తమ్మ మాత్రం చివరిదాకా కూర్చుంది. కూలిపిల్ల మళ్ళీ పెద్దింటి పిల్ల అయిపోయి, తెల్లటి చేతులతో దండ వేసేదాకా చూసింది. బయటికి వచ్చాక అన్నది, “నేను కూలి జేసిన. వాళ్ళు కెమెరా ఏడ పెట్టిండ్రో సూడనీకి నాకు ఎనక కండ్లున్నయా?”

ఆ రాత్రి ఆమె వడ్డించిన కంచం మా ఆయన పక్కకు నెట్టాడు. “నీ చేతి కూడు నాకొద్దు” అన్నాడు. ఆమెతో అతను ఆడిన చివరి మాట అది.

పదడుగుల ఖోలీ. మధ్యలో చీర కట్టి అడ్డం పెట్టుకున్నాం. వంట చేయడానికి నేను సిద్ధపడ్డాను కానీ అత్తమ్మ ఒప్పుకోలేదు. “నీ పులుసు వాడు తినడు, చిక్కిపోతడు” అన్నది. అతను లేచేలోపే వండి గిన్నె నా వైపు జరిపి, తాను అడ్డం అవతలికి వెళ్ళి కూర్చునేది. నేను వడ్డించేదాన్ని. “పుంటికూర మస్తు కుదిరింది” అని అతను నన్ను మెచ్చుకునేవాడు. నేను తల దించుకునేదాన్ని, అతను దాన్ని సిగ్గు అనుకునేవాడు. అడ్డం అవతల ఆమె వినేది. నాలుగేళ్ళు ఆ మెప్పు నేను తిన్నాను. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. నా నోటి సంగతి మీకు చెప్పాను కదా. అది మాత్రమే కారణం కూడా కాదు. అతను మెచ్చుకుంటే నాకు బాగుండేది.

పనిలో ఆమె పరంజ ఎక్కితే చాలు, కింద మగవాళ్ళు ఆ పాట అందుకునేవారు. కొన్నాళ్ళు తిట్టింది. తర్వాత ఎక్కడం మానేసి, నేల మీద ఖాళీ సిమెంటు సంచులు దులిపే పని అడిగి తీసుకుంది. మూలన కూర్చుని, ముక్కుకు కొంగు చుట్టుకుని దులిపేది. ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. “సూడవే, షూటింగోళ్ళు పూసినంత తెలుపైన” అనేది. మూడో ఏడు దగ్గు పట్టుకుంది. ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఆయాసపడని మనిషి, చాలీ మెట్ల మీద రెండుచోట్ల కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా పిల్లలు, “హీరోయిన్ బైఠ్ గయీ” అని ఎగిరేవారు.

ఆసుపత్రిలో చేర్చిన నాడు మొదటిసారి నిజంగా నేను వండాను. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

“ఇదెవరు వండిండ్రు?”

“నేనే.”

“మరి గన్నొద్దులు?”

నేను అడ్డం కట్టిన చీర వైపు చూశాను.

“ఎప్పటిసంది?”

“అప్పటిసంది.”

కంచంలోనే చెయ్యి కడిగేశాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మరునాడు సాయంత్రం పని నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాడు. రాత్రి వచ్చాక, మాట్లాడినవా అని అడిగాను.

“అటు మర్రి పండుకున్నది. నేను తలుపు కాడనే నిలవడ్డ. లేపలే. రేపు పోత.”

ఆ రేపే నల్లా దగ్గర నాకు కబురు తెలిసింది.

కర్మ చేయడానికి ఊరి నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. దండ వేయడానికి ఫోటో తెమ్మన్నారు. వెతికితే ఒక్కటీ లేదు. మా పెళ్ళి ఫోటోలో ఆమె ఉండాలి. కానీ ఫోటో తీసేటప్పుడు ముత్తయిదువలు ముందుకు రండి అన్నారు, మొగుడు లేని మనిషి కాబట్టి ఆమె పక్కకు తప్పుకుంది. నలభై ఏళ్ళు బతికిన మనిషి ముఖం ఎక్కడా లేదు.

దినం నాడు పొద్దున్నే మా ఆయన బయటికి వెళ్ళి, టీవీ, వీసీఆర్ అద్దెకు తీసుకుని చేతిబండి మీద తోసుకుంటూ వచ్చాడు. ఎదురు ఖోలీ పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, “అరే, దినం నాడు పిక్చరేందిరా? పిచ్చి లేసిందా?” అన్నది. అతను ఆ సినిమా క్యాసెట్ పెట్టి, కథంతా ముందుకు పరిగెత్తించాడు. పాట దగ్గర శబ్దం పూర్తిగా తగ్గించాడు. నడుము వచ్చినప్పుడు కళ్ళు దించుకున్నాడు. పలక దగ్గరికి వచ్చి అరికాలు రుద్దుకునే చోట బటన్ నొక్కాడు. బొమ్మ ఆగింది.

నన్ను విస్తరి వేయమన్నాడు. నేను వండిన పులుసే, అంత బాగా కుదరనిది, టీవీ ముందు పెట్టాను. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ లోపలికి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆపిన బొమ్మ ఎంతోసేపు నిలవదు. కాసేపటికి దానంతట అదే కదిలింది. ఆమె పలకలు ఎక్కి పైకి వెళ్ళి ఇటు తిరిగింది. తిరగగానే హీరోయిన్ ముఖం. నల్లరంగు పూసుకుని నవ్వుతున్నది. మా ఆయన టేపు వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేశాడు. ఈసారి అరికాలు దగ్గర ఆపలేదు, ఎక్కనిచ్చాడు. పైమెట్టు మీద ఆపబోయేలోపే హీరోయిన్ వచ్చేసింది. మళ్ళీ వెనక్కి. అలా ఎన్నిసార్లు తిప్పాడో నేను లెక్కపెట్టలేదు. విస్తరిలో అన్నం ఎండిపోయింది.

చివరికి దొరికింది. పైమెట్టు మీద ఆమె తిరగడం మొదలుపెట్టిన చోట, ఆ ఇంకొక ముఖం ఇంకా రాని చోట, బొమ్మ ఆగింది. తెర మీద తెల్లగీతలు అదురుతున్నాయి. వాటి వెనక భుజం, ఒక చెవి, ఆ చెవి పక్కన బొటనవేలంత చెంప. మా ఆయన మోకాళ్ళ మీద ముందుకు జరిగి, బటన్ మీద వేలు తీయకుండా, ఆ చెంపకు ఎదురుగా ముఖం పెట్టి కూర్చున్నాడు.