మాస్టారి బ్యారెల్

క్లారినెట్ విద్వాంసులు, మా గురువుగారు కామేశ్వరరావు మాస్టారు ఇక లేరన్న దుర్వార్త ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని వాళ్లింటి నుంచి ఫోనులో వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ముందురోజే "ఎందుకా తొందర?" అని నన్ను కసిరిన మనిషి! మృత్యువు కూడా ఆయనంటే జంకుతుందనుకున్నాను.

కేంద్ర ప్రభుత్వ కొలువు చేస్తూనే ఢిల్లీ తెలుగు పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పిన నిస్వార్థ నాదోపాసకులాయన. కోపం ముక్కు మీదే ఉండేది, ప్రేమను మాత్రం వెతుక్కోవాలి. ఆయన నోట "ఊఁ, పరవాలేదు" అనిపించుకుంటే అదే మాకు గండపెండేరం.

నేను కటవారియా సరాయ్ అద్దెగదిలో పరీక్షలకు చదువుకునే రోజుల్లో నా క్లారినెట్ బ్యారెల్ చలికి పగిలింది. నోట్లో పెట్టుకునే భాగాన్ని కింది గొట్టానికి కలిపే బెత్తెడు చెక్కముక్క అది. పొడవు రవ్వంత మారినా శ్రుతి మారిపోతుంది. దుకాణంలో నల్లగా మెరిసేదొకటి తగిలించి, నాకు బాగా వచ్చిన మోహనం ఎత్తుకున్నాను.

"బహుత్ బఢియా, దీదీ!" అని మెచ్చుకున్నాడు దుకాణదారు.

నా వెంట వచ్చిన మాస్టారు మండిపడ్డారు. "ఆగు భయ్యా! అమ్మాయ్, నీకొచ్చింది వాయించి బ్యారెల్‌ని మెచ్చుకోకు. నీకు భయమేసే స్వరం పట్టు. అక్కడ నిలబడిందా, తీసుకో. లేదా, బంగారంతో చేసినా వద్దు."

తారస్థాయి పంచమం పట్టాను. నిలవలేదు.

మొన్న సంస్మరణ సభ దగ్గరపడుతుండగా నా బ్యారెల్ మళ్లీ బీటలు వారింది. కొత్తది ఏరి తెచ్చుకున్నాను. సభ మొదలవబోతుండగా మాస్టారి సతీమణి, మా ఆంటీ, ఆయన బ్యారెల్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఇది పెట్టుకుని వాయించమ్మా. ఆయన వాయించినట్టే ఒక్కసారి వింటాను."

తగిలించి పంచమం పట్టాను. శ్రుతిపెట్టె కంటే కిందికి జారింది. మళ్లీ పట్టాను, మళ్లీ జారింది. ఆయన వాద్యానికి కొలిచి చేయించుకున్నది, నా వాద్యానికి పొడవెక్కువ. అవతల హాలు నిండిపోతోంది. కాదంటే ఆంటీ మనసు విరుగుతుంది, అవునంటే ఆయన పటం ముందే అపశ్రుతి.

కొత్తది తగిలించాను. పంచమం నిలిచింది.

"క్షమించండి ఆంటీ..." అన్నాను.

ఆమె ఆయన బ్యారెల్ తీసుకుని కొంగుతో తుడిచారు.

"ఆయనే ఉంటే దీన్ని నీ చేతిలోంచి లాగేసేవారు. ఠీక్ హై, పద."

ముందు వరుసలో దాన్ని గుప్పిట పట్టుకుని కూర్చున్నారామె. పంచమం దగ్గర నా స్వరం వణకలేదు.

మాస్టారూ, మీ పాదాలకు నమస్కారం. హాలంతా చప్పట్లు కొట్టింది. "ఊఁ, పరవాలేదు" అనేవారే లేరు.