పెరటి పోర్షన్‌లో పాత ఓనరు

కాలేజీలో లెక్కలు చెప్పడం మానేసి, పాడైపోయిన ఇళ్లు కొని బాగుచేయించి అద్దెకివ్వడం మొదలుపెట్టిన కొన్నేళ్లకు బుడమేరు పొంగి మా ఊరు సగం మునిగింది. నీళ్లు తీశాక నేను కొన్న మొదటి ఇల్లు అది. సుఖంగా ఉన్నవాళ్లెవరూ నాకు ఇల్లు అమ్మరు. అన్నదమ్ములు కొట్టుకు చచ్చేవాళ్లు, బ్యాంకువాళ్లు గేటుకి నోటీసు అంటించినవాళ్లు, ఇంట్లోకి అడుగుపెట్టాలంటేనే భయపడేవాళ్లు, వాళ్లే నాకు అమ్మేవాళ్లు. వాళ్ల కష్టాలు వినకూడదని మొదట్లోనే నేర్చుకున్నాను. వింటే బేరం ఆడలేం.

ఆ ఇంటాయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. మనిషి ఆరడుగుల పొడుగు, గట్టి గొంతు. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు ఆ గొంతు ఎక్కడా వినపడలేదు. గోడల మీద కిటికీల పైదాకా బురద గీత. చెక్క బీరువాలు ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. ఎంత కడిగినా పోని కుళ్లు కంపు. వెనకవైపు రెండు గదుల పోర్షన్ ఒకటి ఉంది. దాన్ని ముందు కడిగించుకుని భార్యాభర్తలిద్దరూ అందులో ఉంటున్నారు.

ధర దాదాపు కుదిరాక ఆయన నన్ను వీధిలోకి తీసుకొచ్చి గొంతు తగ్గించారు.

“మేడం గారూ, ఒక్క మాట. ఇల్లు అమ్మినట్టు మా ఆవిడకి తెలియకూడదండి. మీరు రిపేర్లు చేయిస్తున్నారని, ఖర్చు రాబట్టుకునేదాకా ముందు పోర్షన్ అద్దె మీరే తీసుకుంటారని చెప్పుకుంటాను. వెనక పోర్షన్‌లో మేం అద్దెకుంటాం. అద్దె ఫోన్లో పంపిస్తాను.”

“ఆవిడకెందుకు చెప్పరు?”

“ఉంటాయి కదండీ, ఇంట్లో సంగతులు.”

ఆ మాట విన్నాక ధర ఇంకొంచెం తగ్గించమన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, తగ్గించారు. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది కనక ఆయన సంతకం ఒక్కటే సరిపోయింది.

పని మొదలైంది. మేస్త్రీ మనుషులు బురద గీత పైదాకా ప్లాస్టరింగ్ అంతా కొట్టేశారు. ఆవిడ పెరట్లోంచి రోజూ వచ్చి చూసేది. సన్నగా, నెమ్మదిగా ఉండేది. నన్ను ‘అమ్మాయ్’ అని పిలిచేది. నేను ‘పిన్నిగారూ’ అనేదాన్ని.

“అమ్మాయ్, వంటింటి గట్టుకి నల్ల గ్రానైట్ వేయించు. కడప రాయి వద్దు. మళ్లీ మళ్లీ చేయించుకుంటామా ఏమన్నా?”

నేను ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

“ఏవండీ, చెప్పండి అమ్మాయికి. మన ఇల్లేగా, మొహమాటం దేనికి?”

“అవునండి మేడం గారూ, గ్రానైటే...” అన్నారు ఆయన. సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపి, ఆ తేడా తన పెన్షన్‌లోంచి ఇస్తానన్నారు. నా ఇంటికి, నా వంటగట్టుకి! సరేనన్నాను.

తర్వాత హాల్లో షోకేసు తలుపులకి అద్దాలన్నారు. ఆ తర్వాత తులసికోట పగలగొట్టి కొత్తది కట్టించమన్నారు. ఆవిడ ఎప్పుడూ తిన్నగా నన్ను అడిగేది కాదు. ఆయన్ని పిలిచి, నా ముందు నిలబెట్టి, ఆయన చేతే అడిగించేది. అడిగేటప్పుడు ఆయన మొహంలోకే చూస్తూ ఉండేది. పాపం, అమాయకురాలనుకున్నాను. మేస్త్రీ కూడా అదే అన్నాడు.

గేటు స్తంభానికి ఆయన పేరు చెక్కిన పాలరాతి పలక ఒకటుండేది. అద్దెకొచ్చేవాళ్లు కొత్త పలక పెట్టుకుంటారని దాన్ని తీయించేశాను. తీసేటప్పుడు రెండు ముక్కలైంది. మర్నాడు ఆవిడ గేటు దగ్గర నిలబడి కేకేసింది.

“ఏవండీ, మన పలకేదీ?”

“పాలిష్‌కి ఇచ్చానే. వన్ టౌన్‌లో.”

“ఎప్పుడిస్తారట?”

“వారంలో.”

ఆ వారమంతా ఆవిడ అదే ప్రశ్న. మేస్త్రీ ముందు, పాలవాడి ముందు, పక్కింటివాళ్ల ముందు. ఆయన ఒకరోజు ఎండలో సిటీ బస్సెక్కి వన్ టౌన్ వెళ్లి, తన పేరుతో అరచేయంత పలక చేయించుకొచ్చారు. దాన్ని గేటుకి పెట్టనివ్వమని అడిగారు. కుదరదన్నాను. చివరికి వెనక పోర్షన్ తలుపు పక్కన తనే మేకు కొట్టి తగిలించుకున్నారు.

ఆవిడ వచ్చి చూసింది. “ఇంత చిన్నదైపోయిందేమిటండీ పాలిష్ పడితే?” అంది.

మేస్త్రీ మనుషులు పక్కకి తిరిగి నవ్వుకున్నారు. ఆయన సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు. నాకూ నవ్వొచ్చింది.

పని పూర్తయ్యాక ముందు పోర్షన్‌లోకి కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. ఇద్దరివీ ఆఫీసు ఉద్యోగాలు. పాలు పొంగించే రోజు వాళ్ల బంధువులు, కాలనీవాళ్లు హాలు నిండా ఉన్నారు. నన్నూ పిలిచారు. నేను వెళ్లేసరికి ఆయన హాలు మధ్యలో కుర్చీలో కూర్చుని, ఎవరికో ఆ ఇల్లు కట్టిన రోజుల గురించి చెబుతున్నారు. చాలా రోజులకి ఆ గట్టి గొంతు వినపడింది. పునాది తవ్వినప్పుడు తను దగ్గరుండి ఎన్ని లారీల మట్టి తోలించిందీ చెబుతున్నారు. వినేవాళ్లు కూడా మర్యాదగా వింటున్నారు.

ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. తిన్నగా ఆయన ముందుకొచ్చి నిలబడి, అందరికీ వినపడేలా అంది.

“లేవండి. ఓనరుగారు నిలబడ్డారు. ఆవిడకి కుర్చీ ఇవ్వండి.”

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. లేచారు. లేస్తూ కుర్చీ వీపు పట్టుకున్నారు. వదలలేదు. ఆవిడ ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టి, కుర్చీ కొంగుతో తుడిచి నా వైపు జరిపింది.

“కూర్చోండమ్మా. మీ ఇంట్లో మీరు నిలబడ్డమేంటి?”

అప్పటిదాకా నువ్వు అన్న మనిషి నన్ను మీరు అంది. కూర్చోకుండా ఉండొచ్చు. అందరూ చూస్తున్నారు. కూర్చున్నాను. ఆయన గోడకి ఆనుకుని, ఎవరో ఇచ్చిన పాయసం గిన్నె పట్టుకుని, తాగకుండా అలాగే ఉన్నారు.

భోజనాలయ్యాక పెరట్లో ఆవిడని పట్టుకున్నాను.

“పిన్నిగారూ, మీకు ఎప్పటినుంచి తెలుసు?”

“రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రమే తెలిసింది. సాక్షి సంతకం పెట్టినాయన భార్య వచ్చి చెప్పింది.”

“మరి ఆయన్ని అడగలేదేం?”

ఆవిడ చెయ్యి కడుక్కుంటూ చెప్పింది. కోపంగా చెప్పలేదు.

“ఈ స్థలం కొనేటప్పుడు ఇది పల్లమండీ, నీళ్లొస్తాయండీ అన్నాను. మా ఆడపడుచుల ముందు, బ్రోకరు ముందు, నోరు ముయ్యవే అన్నారు. నా గాజులు, గొలుసు, మా అమ్మ పెట్టిన కాసులపేరు అన్నీ దీన్లో పోశారు. నీళ్లొచ్చినప్పుడు డాబా మీద కూర్చుని కూడా నేను ఒక్క మాటనలేదమ్మా. ఆయనే అంటారేమో, నువ్వు చెప్పింది నిజమే అని, చూశాను. అనలేదు. అమ్మేసి కూడా చెప్పలేదు. నేనడిగితే బయటపెట్టేసి, ఏడ్చేసి, తేలికపడిపోతారు. ఎందుకడుగుతాను?”

బేరాల్లో రకరకాల మనుషుల్ని చూశాను. నేను కూడా మెత్తని దాన్ని కాదు. కానీ ఆ గ్రానైటు, ఆ అద్దాలు, ఆ పలక, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి ఆవిడ పక్కనుంచి ఒకడుగు వెనక్కి జరిగాను.

“ఇంకేదైనా ఇల్లుందామ్మా మీకు?” అంది, మామూలుగా. “ఇక్కడ ఉండబుద్ధి కావట్లేదు. మేడ మీద కావాలి. బాగా పైన.”

గవర్నర్‌పేట వెనక సందులో నాకు ఒక పాత బిల్డింగ్‌లో ఫ్లాట్ ఉంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకే ఖాళీగా పడుంది. ఆవిడ వచ్చి చూసి వెంటనే బాగుందంది. ఆయన మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగి కూర్చున్నారు. వరదలో చల్లటి నీళ్లలో నానాక ఆయన మోకాళ్లు బాగా చెడిపోయాయి. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడని నాతో అన్నారు. ఆవిడ విన్నది.

“ఎక్కడమెందుకూ? ఒక్కసారి ఎక్కారుగా. ఇంక దిగకండి” అంది.

నిజంగానే, అందులో చేరాక ఆయన దిగడం మానేశారు. ఆవిడ మాత్రం పొద్దున బజారుకి, సాయంత్రం గుడికి, ఆడవాళ్ల భజనకి తిరుగుతుంది. ఒళ్లు చేసింది. నాలుగైదు కొత్త స్నేహాలయ్యాయి. ఆవిడ వెళ్లేటప్పుడు బయటినుంచి గడియ పెట్టుకుని వెళుతుందని కింది వాచ్‌మన్ చెప్పాడు. దొంగల భయమట.

మొన్న వంటింట్లో కుళాయి కారుతోందంటే ప్లంబర్ని తీసుకుని వెళ్లాను. ఆయన బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సందులోకి చూస్తున్నారు. గడ్డం మాసింది. ఆవిడ ప్లంబరుతో వంటింట్లో ఉంది. ఆయన నన్ను దగ్గరకి రమ్మని సైగ చేశారు.

“మేడం గారూ, మీకు చాలా ఇళ్లున్నాయి కదా. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఏదైనా, ఒక్క గదైనా చాలు. నేను ఒక్కణ్ణే వెళతాను.”

“చూస్తానండి” అన్నాను.

ప్లంబర్ పని అయ్యాక ఆవిడ నాతో పాటు మెట్లు దిగి గేటు దాకా వచ్చింది.

“ఏమంటున్నారు?”

“కింద పోర్షన్ ఏదైనా ఉందా అని అడిగారు.”

“ఉందా?”

“పటమటలో ఒకటి ఖాళీగా ఉందండి.”

ఆవిడ నాకోసం గేటు తీసి పట్టుకుంది.

“దాన్ని త్వరగా ఎవరికైనా ఇచ్చేయండమ్మా” అంది.

మా చర్చిలో ఒక నర్సమ్మ కుటుంబం చాలా రోజులుగా ఇల్లు వెతుక్కుంటోంది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెని పిలిచి పటమట ఇంటి తాళాలు ఇచ్చేశాను.